సెన్సర్ మార్చే ముందు కొలిచి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటిని వేడిగాలితో వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేసు మాటిమాటికీ ఆగిపోతుంటే ఉష్ణోగ్రత సెన్సర్ మార్పించుకోవాలని మీ గృహోపకరణాల శీర్షికలో ఇచ్చిన సలహా తొందరపాటుతో కూడినదని నా అభిప్రాయం. ఫర్నేసులో వేడిని గాని, మంటను గాని కనిపెట్టి ఉండే భాగాలు మూడు నాలుగు ఉంటాయి. వాటిలో ఏది ఫిర్యాదు చేస్తోందో, ఆ ఫిర్యాదు నిజమో కాదో తేల్చుకోకుండా కొత్త భాగం బిగిస్తే డబ్బు ఖర్చవుతుంది గాని జబ్బు నయం కాదు.

మొదట గమనించవలసింది మంట ఎంతసేపు నిలుస్తోందన్నది. వెలిగిన కొన్ని సెకన్లకే ఆరిపోతే అనుమానించవలసింది ఫ్లేమ్ సెన్సర్‌ను. బర్నర్ ఎదుట మంటలో మునిగి ఉండే ఈ సన్నని లోహపు కడ్డీ నిజానికి వేడిని కొలవదు. మంట గుండా ప్రవహించే కొద్దిపాటి మైక్రోఆంపియర్ల విద్యుత్తును బట్టి మంట ఉన్నదని కంట్రోల్ బోర్డుకు తెలియజేస్తుంది. కడ్డీ మీద పొర పేరుకుంటే ఆ కాస్త విద్యుత్తూ తగ్గి, మంట ఎదురుగా మండుతున్నా బోర్డు లేదనుకుని గ్యాస్ ఆపేస్తుంది. కరెంటూ గ్యాసూ ఆపి, కడ్డీ చల్లారాక సన్నని స్టీల్ ఊల్‌తో మృదువుగా రుద్దితే చాలాసార్లు అదే సరిపోతుంది. బర్నర్‌ను అంటించడానికి నిత్యం ఒక చిన్న పైలట్ మంట వెలుగుతూ ఉండే పాత ఫర్నేసుల్లో ఈ పని థర్మోకపుల్‌ది. అది మంట వేడికి సుమారు 30 మిల్లీవోల్టులు పుట్టిస్తుంది. పైలట్ వెలిగించడానికి నొక్కి పట్టిన నాబ్ వదిలిన వెంటనే అది ఆరిపోతుంటే ముందుగా చూడవలసింది దానినే.

అలా కాక, కొన్ని నిమిషాలు చక్కగా మండి, తర్వాత మంట ఆరి, గాలిని తోసే ఫ్యాను (బ్లోయర్) మాత్రం తిరుగుతూ, కాసేపటికి మళ్లీ మంట అందుకుంటుంటే అది లిమిట్ స్విచ్ పని అయి ఉండవచ్చు. అన్యాయంగా నిందలు మోసేది ఎక్కువగా ఇదే. రెండు లోహాలు అతికించిన చిన్న బిళ్ల ఇందులో ఉంటుంది. లోపలి గాలి నిర్ణీత ఉష్ణోగ్రతను మించితే ఆ బిళ్ల టక్కున వంగి వలయాన్ని తెంచుతుంది, చల్లారాక తిరిగి కలుపుతుంది. దుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టరు, సామాను అడ్డుపెట్టిన గాలి జాలీలు, బలహీనపడిన బ్లోయర్ వీటిలో ఏది గాలిని అడ్డుకున్నా లోపల వేడి పేరుకుంటుంది కనుక స్విచ్ తెగడమే న్యాయం. దాన్ని మార్చినా కొత్తదీ అలాగే తెగుతుంది. ఫిల్టరు తీసి కాసేపు నడిపించి చూడండి. ఆగకుండా నడిస్తే దోషి ఎవరో తేలిపోయినట్లే. (పరీక్ష అయ్యాక శుభ్రమైన ఫిల్టరు పెట్టడం మరవకూడదు.) ఫర్నేసులోకి వచ్చే గాలికీ, బయటికి పోయే గాలికీ మధ్య ఉష్ణోగ్రత తేడా ఎంత ఉండాలో యంత్రం మీది పలకపై ముద్రించి ఉంటుంది, కొలిచిన తేడా దాన్ని మించితే గాలి చాలడం లేదని అర్థం. ఇవన్నీ సరిగా ఉండి, కరెంటు ఆపి, స్విచ్ వైర్లు రెండూ విడదీసి, పూర్తిగా చల్లారిన స్థితిలో మల్టీమీటర్‌తో చూసినప్పుడు నిరోధం దాదాపు సున్నా చూపకుండా వలయం తెగినట్లే చూపితే, అప్పుడే ఆ స్విచ్ చెడిందని తీర్మానించవచ్చు.

గది ఉష్ణోగ్రత తప్పుగా కనిపించే చోట వ్యవహారం వేరు. థర్మోస్టాట్లలోనూ, వాటికి జతపరిచే సెన్సర్లలోనూ తరచుగా థర్మిస్టర్, అంటే ఉష్ణోగ్రతను బట్టి విద్యుత్ నిరోధం మారే చిన్న భాగం, ఉంటుంది. విరివిగా వాడే రకానికి 25 డిగ్రీల సెల్సియస్ వద్ద నిరోధం 10 కిలో ఓములు. మంచు ముక్కలు కలిపిన నీటిలో, వైర్ల కొసలు తడవకుండా ఉంచితే, అది సుమారు 30 కిలో ఓముల దాకా పెరుగుతుంది. అంటే చలికి నిరోధం పెరుగుతుంది, వేడికి తగ్గుతుంది. కనుక వైరు తెగితే బోర్డుకు అది విపరీతమైన చలిలా, వైర్లు ఒకదానికొకటి తగిలితే విపరీతమైన వేడిలా కనిపిస్తుంది. వదులైన లేదా తుప్పు పట్టిన కనెక్షన్ కూడా నిరోధాన్ని పెంచి గదిని ఉన్నదానికంటే చల్లగా చూపుతుంది. పైగా థర్మోస్టాట్ వెనుక గోడకు వైరు కోసం చేసిన రంధ్రం నుంచి చల్లగాలి తగులుతున్నా ఇదే లక్షణం. ఆ రంధ్రాన్ని పూడిస్తే చాలు.

ఒక్క విషయంలో మాత్రం పాఠకులను గట్టిగా హెచ్చరించాలని కోరుతున్నాను. లిమిట్ స్విచ్ వైర్లు రెండూ కలిపేసి ఫర్నేసును నడిపించుకునే చిట్కా కొందరు చెబుతుంటారు. ఆ స్విచ్ లేకపోతే వేడికి హద్దు చెప్పేది ఉండదు. వేడి మితిమీరి, మంట వేడిని గాలికి అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్ బీటలు వారితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి చేరవచ్చు, నిప్పు అంటుకోనూవచ్చు. బర్నర్ల దగ్గర చేత్తో నొక్కి సరిచేసే రోలవుట్ స్విచ్ మరొకటి ఉంటుంది. మంట తన చోటు దాటి బయటికి వచ్చినప్పుడు తెగేది అదే కనుక, దాన్ని నొక్కేసి ఊరుకోకుండా గ్యాస్ ఆపి, అర్హత గల టెక్నీషియన్ పొగ గొట్టాన్నీ హీట్ ఎక్స్‌ఛేంజర్‌నూ పరీక్షించేదాకా ఫర్నేసును వెలిగించరాదు. ఈ హెచ్చరికను అదే శీర్షికలో ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
మీ పాఠకుడు