విషయం: ఆటో రివర్సర్ మాడ్యూళ్ళలో ట్రిప్ కరెంట్ లోపం, డబ్బు వాపసు గురించి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

మా మోడల్ రైల్వే క్లబ్బు హెచ్‌ఓ (1:87 స్కేలు) లేఅవుట్‌కు మీ దగ్గర కొన్న రెండు ఆటో రివర్సర్ మాడ్యూళ్ళూ సరిగ్గా పనిచేయడం లేదు. బండి చుట్టు తిరిగి అదే పట్టా మీదకు వెనక్కి వచ్చే లూప్‌లో పట్టాల ఫేజును (ధ్రువతను) దానంతటదే తిప్పడం వీటి పని. "అన్ని డీసీసీ సిస్టమ్‌లకూ సరిపోతుంది, షార్ట్ సర్క్యూట్ రక్షణ కూడా ఉంది" అని పెట్టె మీద పెద్దగా వేశారు (డీసీసీ అంటే పట్టాల ద్వారానే ఇంజన్లకు కరెంటూ ఆదేశాలూ పంపే డిజిటల్ పద్ధతి). ట్రిప్ కరెంట్, అంటే ఎంత కరెంట్ దాటితే మాడ్యూల్ స్పందిస్తుందో ఆ అంకె మాత్రం మాన్యువల్ చివరి పేజీలో, పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో దాక్కుంది: 4 ఆంపియర్లు, మార్చే వీలు లేదు.

పట్టాలకు కరెంటూ ఆదేశాలూ ఇచ్చే మా కమాండ్ స్టేషన్ 3 ఆంపియర్లది, అది దాటితే ట్రిప్ అయి ఆగిపోతుంది. లూప్‌లో ఫేజు తిరగబడి ఉన్నప్పుడు ఇంజను చక్రం లూప్ కొసల్లో పట్టాలను కోసిన గ్యాప్ తొక్కితే షార్ట్ అవుతుంది. దాన్ని కమాండ్ స్టేషన్ కంటే ముందే మాడ్యూల్ పట్టుకుని ఫేజు మార్చాలి. కమాండ్ స్టేషన్ 3 దగ్గరే ఆగిపోతుంటే, 4 కోసం కూర్చున్న మాడ్యూల్‌కు వంతు రాదు. పైగా మీది రిలే రకం, కాంటాక్టులు కదలడానికే కొన్ని మిల్లీసెకన్లు కావాలి. ఫలితంగా లూప్‌లో ఒక్క బండి గ్యాప్ తొక్కితే యార్డులో ఉన్నవన్నీ ఆగిపోతున్నాయి.

వైరింగ్ తప్పేమో అంటారు కాబట్టి ఆ వివరాలూ రాస్తున్నాం. లూప్ రెండు కొసల్లోనూ రెండు పట్టాలూ ఎదురెదురుగా కోసి, ఎండకు పట్టా సాగి గ్యాప్ మూసుకుపోకుండా ప్లాస్టిక్ ముక్కలు అతికించాం. విడదీసిన భాగం 2.4 మీటర్లు, పొడవైన బండి 1.6 మీటర్లు, అందులో పూర్తిగా పడుతుంది. బస్ వైరు (పట్టాలకు కరెంట్ మోసే ప్రధాన వైరు) 2.5 స్క్వేర్ ఎంఎం. మాడ్యూల్ తీసేసి, మీటరుకు ఒక చోట పట్టాలకు అడ్డంగా ఐదు రూపాయల బిళ్ళ పెట్టి షార్ట్ చేసి చూశాం. ప్రతిచోటా కమాండ్ స్టేషన్ వెంటనే ట్రిప్ అయింది, అంటే వైరింగ్‌లో లోపం లేదు.

తర్వాత అదే మాడ్యూల్‌ను 5 ఆంపియర్ల బూస్టర్‌కు (పట్టాలకు ఎక్కువ కరెంట్ ఇచ్చే పరికరానికి) కలిపాం. గ్యాప్ దగ్గర ఫేజు మారింది, సంతోషమే. కానీ లూప్ మధ్యలో బిళ్ళ పెడితే రిలే టకటకమంటూ అటూ ఇటూ తిప్పుతూనే ఉంది తప్ప కరెంట్ కట్ చేయలేదు. ఒకసారి ఫేజు తిప్పాక కూడా షార్ట్ పోలేదంటే అది నిజమైన షార్టే, అక్కడ ఆపేయాలి. 15 వోల్టుల దగ్గర 4 ఆంపియర్లంటే 60 వాట్లు. పట్టాలు తప్పిన బోగీ చక్రం దగ్గర అంత వేడి పుడితే ప్లాస్టిక్ బోగీ కరిగిపోతుంది. దీన్ని రక్షణ అనడం కుదరదు.

మీ సాంకేతిక విభాగం సలహా: మాడ్యూల్‌కు ముందు సిరీస్‌లో 12 వోల్టుల, 21 వాట్ల కారు బల్బు పెట్టమని. చల్లగా ఉన్న ఫిలమెంట్ మొదటి క్షణంలో కరెంట్‌ను ధారాళంగా వదులుతుంది, అప్పుడు కమాండ్ స్టేషన్ ట్రిప్ అవుతుంది. వేడెక్కాక సుమారు 2 ఆంపియర్లు దాటనివ్వదు, అప్పుడు మాడ్యూల్‌కు 4 ఎప్పటికీ అందదు. బల్బు వెలుగుతూ, బండి గ్యాప్ మీద నిలబడి ఉంటుంది. ఈ సలహా రాసినవారు మాన్యువల్ చివరి పేజీ చూసినట్టు లేరు.

రెండు మాడ్యూళ్ళూ వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇవ్వండి. లేదా ట్రిప్ కరెంట్‌ను 2 ఆంపియర్లకు సెట్ చేసుకోగలిగిన, రిలే లేని, నిజమైన షార్ట్‌కు కట్ అయ్యే రకం మార్చి ఇవ్వండి. పంపే ఖర్చు మీదే. "అన్ని సిస్టమ్‌లకూ" అన్న మాట పెట్టె మీంచి తీసి, ఆ చోట ట్రిప్ కరెంట్ అంకె వేయండి. బిల్లు నకలు, వైరింగ్ బొమ్మ జత చేశాం. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
క్లబ్బు సభ్యులు