బ్యాకప్ టైము, అమావాస్య మెసేజ్‌లు: ఒకటో తారీకు నుంచి మారేవి ఇవీ

భీమవరం, ఆకివీడు, పాలకొల్లు చుట్టుపక్కల మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న రొయ్యల మేత షాపుల వాళ్ళందరికీ నమస్కారమండి. ఈమధ్య రెండు ఫిర్యాదులు పదేపదే వస్తున్నాయి. "రాత్రి బ్యాకప్ అవ్వట్లేదు" అన్నది ఒకటి. "అమావాస్య మెసేజ్ అమావాస్య దాటాక వస్తోందండి, రైతులు నవ్వుతున్నారు" అన్నది రెండోది. ఒకటో తారీకు నుంచి కొన్ని టైములు ఎలాగూ మారుస్తున్నాం కాబట్టి, అసలు సంగతేమిటో అందరికీ కలిపి రాసేస్తున్నాను.

ముందు బ్యాకప్. పగలు బిల్లు కొడుతుంటే కంప్యూటర్ నెమ్మదిస్తోందని, రాత్రి ఒంటిగంటకి పెట్టమని మీలో ఎక్కువమందే అడిగారు, అలాగే పెట్టాం. కానీ షట్టర్ దించేటప్పుడు మెయిన్ కూడా ఆపేసి వెళ్తారు కదా. విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్ అని ఒకటుంటుంది, అది స్లీప్‌లో ఉన్న కంప్యూటర్‌ని లేపగలదు గానీ కరెంటే లేని కంప్యూటర్‌ని ఏం లేపుతుంది? పైగా టైముకి నడవని పనిని తర్వాతైనా నడపాలంటే అందులో విడిగా ఒక టిక్ పెట్టాలి, అది మామూలుగా ఖాళీగా ఉంటుంది. ల్యాప్‌టాప్ వాడేవాళ్ళకి ఇంకో తిరకాసు: చార్జర్ మీద లేకపోతే పని మొదలుపెట్టొద్దు అనే టిక్ ముందే పెట్టేసి ఉంటుంది, అంటే సరిగ్గా ఆ టైముకి కరెంటు పోయి బ్యాటరీ మీద నడుస్తుంటే బ్యాకప్ మొదలే కాదు, స్క్రీన్ మీద ఒక్క ముక్క కూడా చెప్పదు.

అందుకని ఇక మీదట బ్యాకప్ మధ్యాహ్నం ఒకటిన్నరకి, మీరు భోజనానికి వెళ్ళే టైములో నడుస్తుంది. ఆ టిక్కులు రెండూ మా వాళ్ళే వచ్చి మారుస్తారు. ఎప్పుడైనా మిస్సయితే, తర్వాత కంప్యూటర్ ఆన్ చేసిన ఓ పది నిమిషాలకి దానంతటదే మొదలవుతుంది. అప్పుడు బిల్లు కాసేపు నెమ్మదిగా రావచ్చు, ఓపిక పట్టండి, బ్యాకప్ ఎక్కే పెన్‌డ్రైవ్ మాత్రం పీకకండి. ఒక షాపులో పొద్దున్నే దాన్ని తీసి పాటలు ఎక్కించుకునే కుర్రాడున్నాడు, పేరు చెప్పను.

ఇక అమావాస్య గొడవ. మన రైతులకి చెప్పక్కర్లేదు, అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూగా రొయ్య మోల్టింగ్‌కి వస్తుంది, పెంకు వదిలి మెత్తగా ఉంటుంది, మేత సరిగ్గా తినదు. అలవాటు కొద్దీ రోజూ వేసేంతా వేసేస్తే మిగిలింది అడుగున చేరి కుళ్ళుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది. ఆ రోజుల్లో పట్టుబడి చేస్తే, అంటే రొయ్యలు పట్టి అమ్మితే, సాఫ్ట్ అని రేటు కోస్తారు. అందుకే "మేత తగ్గించండి, ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మిషన్లు) చూసుకోండి" అనే మెసేజ్ ముందుగా వెళ్తేనే పనికొస్తుంది, తర్వాత వెళ్తే నవ్వులాటే.

ఈ మెసేజ్‌లు మీ షాపు కంప్యూటర్ నుంచి వెళ్ళవు, మేం అద్దెకి తీసుకున్న సర్వర్ నుంచి వెళ్తాయి. అది లైనక్స్ మీద నడుస్తుంది, అందులో క్రాన్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది, 1970ల నుంచి యూనిక్స్‌లో ఉన్న పాత సరుకే. నిమిషం, గంట, తారీకు, నెల, వారంలో ఏ రోజు, ఈ ఐదు గడులు నింపితే ఆ టైముకి పని నడిపేస్తుంది, చాలా నమ్మకమైన మనిషి లాంటిది. తిథి అనే గడి మాత్రం దాంట్లో లేదు. "పదిహేను రోజులకోసారి పెట్టెయ్యండి చాలు" అన్న షాపులకి అలాగే పెట్టాం, ఇప్పుడు నవ్వులపాలవుతున్నవి అవే. తారీకు గడిలో */15 అని రాస్తే అది 1, 16, 31 తారీకుల్లో నడుస్తుంది. అంటే 31న ఒకటి, తెల్లారి 1న మళ్ళీ ఇంకోటి! అది సరిచేసినా లాభం లేదు. చాంద్రమాన నెల సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు, పన్నెండు నెలలకి 354 రోజులే, కాబట్టి సంక్రాంతికి సరిపోయిన తారీకు దసరా నాటికి వారం పైనే తేడా కొడుతుంది. 2023లో అధిక శ్రావణం వచ్చినప్పుడు శ్రావణ శుక్రవారాల మెసేజ్‌లు కావాలన్న ఒక చీరల షాపాయనకి ఇదే చెప్పాల్సొచ్చింది.

ఇప్పుడు చేస్తున్నదేమిటంటే, ప్రతి ఉగాదికీ పంచాంగం చూసి ఏడాది పొడుగునా వచ్చే అమావాస్యలూ పౌర్ణములూ ఒక టేబుల్లో ఎక్కిస్తాం. క్రాన్ రోజూ ఆ టేబుల్ చూస్తుంది, ఎల్లుండి అమావాస్యో పౌర్ణమో ఉంటే మెసేజ్ పంపుతుంది, లేకపోతే ఊరుకుంటుంది. తిథి ఒకరోజు మధ్యాహ్నం మొదలై మర్నాడు ముగిసినా, రెండు రోజుల ముందు పంపుతాం కాబట్టి ఇబ్బంది లేదు.

తెల్లవారుజామున ఐదింటికే పంపమని అడుగుతున్నారు. కుదరదండి. ఇవి ప్రమోషనల్ ఎస్ఎమ్ఎస్‌లుగా రిజిస్టర్ అయ్యాయి, అలాంటివి ఉదయం 10 నుంచి రాత్రి 9 లోపే పంపాలి. కాబట్టి పదిన్నరకి వెళ్తాయి. రిపోర్టులో 5:00 అని కనిపిస్తే కంగారు పడకండి, సర్వర్ గడియారం మన టైముకి అయిదున్నర గంటలు వెనక ఉంటుంది.

కాలువలకి నీళ్ళు కట్టేసే తేదీకీ ఇలాగే మెసేజ్ పెట్టమన్నారు ఒకరు. అది ఏటా అధికారులు ప్రకటించేదాకా ఎవరికీ తెలియదు, ప్రకటన వచ్చాక మేమే చేత్తో పంపుతాం.

నెలాఖరు ఖాతా స్టేట్‌మెంట్ ఇక 31న కాకుండా 1న పొద్దున్నే వస్తుంది, ఏడాదిలో అయిదు నెలలకి 31 లేదు కదా.

ఈ మార్పులకి అదనంగా ఏమీ తీసుకోవట్లేదు. ఎస్ఎమ్ఎస్ ఖర్చు మాత్రం ఎప్పటిలాగే మీది, అందుకని చెరువు ఎత్తేసిన రైతుల నంబర్లు లిస్టులోంచి తీసి, కొత్త లిస్టు ఈ నెల 25 లోపు పంపండి. అమావాస్య మెసేజ్ అసలు వద్దనుకుంటే అదీ అప్పుడే చెప్పేయండి.