దాచిన చోటు తుఫాను తర్వాత కూడా దొరకాలి

సంపాదకులవారికి,

నమస్కారం. తుఫానుల కాలం దగ్గరపడగానే బియ్యం, నీళ్లు, టార్చిలైటు, మందులు, కాగితాలు సిద్ధంగా ఉంచుకోమని పత్రికల్లో జాగ్రత్తలు వేస్తారు. అందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. అయితే వాటిని ఎక్కడ దాచాలో, దాచిన సంగతి ఎవరికి చెప్పాలో మాత్రం ఇంతవరకూ నేనెక్కడా చదవలేదు. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరితోటల ప్రాంతమైన ఉద్దానంలో పుట్టి, తిత్లీ తుఫానును ఇంట్లో ఉండి చూసినవాడిని కాబట్టి ఆ ఒక్క విషయం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

2018 అక్టోబరు 11, దేవీ నవరాత్రులు మొదలైన మర్నాడు, తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన ఆ తుఫాను గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక అని తర్వాత ఎవరో చెబితే మా వీధిలో ఒక్కరికీ నవ్వు రాలేదు. ముందురోజు సాయంత్రం మా తమ్ముడు ఒక బిస్కట్ల రేకు డబ్బాలో కొంత డబ్బు, పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ కార్డులు, అమ్మ వాడే బీపీ బిళ్లలు పెట్టి, మూత చుట్టూ టేపు వేసి, పాలిథిన్ సంచిలో చుట్టి, తోటలో మూడో వరస నాలుగో కొబ్బరిచెట్టు మొదట్లో మోకాలి లోతు గొయ్యి తీసి పాతిపెట్టాడు. దొంగ కళ్లకు కనబడదు, ఇల్లు కూలినా పోదు అని అతని ధీమా. తెల్లారి వెళ్లి చూస్తే వరసా లేదు, చెట్టూ లేదు. వేళ్లతో సహా లేచిపోయిన మానులు ఒకదానిమీద ఒకటి అడ్డదిడ్డంగా పడివుంటే వాటిలో మూడో వరస ఏదో, నాలుగో చెట్టు ఏదో పాతినవాడే చెప్పలేకపోయాడు. నాలుగో రోజున మానులు కోయించి తీస్తుండగా డబ్బా ఒక వేరుముద్దకు కరుచుకుని పైకి వచ్చింది. సంచి చిరిగింది, టేపు ఊడింది, కాగితాలు అతుక్కుపోయాయి, బిళ్లలు ముద్దయ్యాయి. అమ్మకు ఆ నాలుగు రోజులూ మందు లేదు.

ఉద్దానంలో చెట్టును గుర్తుగా పెట్టుకోవడం ఎంత పొరపాటో ఆ రోజు తెలిసింది. గాలికి కదలనివి మా ఊళ్లో రెండే ఉన్నాయి, నూతి గట్టు, రాతి గుడి అరుగు. దాచిన చోటుకు ఆ రెండింటి నుంచీ దూరం కొలిచి, అది ఏ పక్కన ఉందో కూడా గుర్తుపెట్టుకుంటే, చుట్టూ నేల రూపు ఎంత మారినా రెండు కొలతలూ కలిసే చోట తవ్వుకోవచ్చు.

పాతిపెట్టడం మన నేలకు ఎంతవరకు సరిపడుతుందో కూడా ఆలోచించాలి. విదేశాల్లో కొందరు లావుపాటి పీవీసీ గొట్టంలో సరుకులు పెట్టి, రెండు చివరలా మూతలు అతికించి భూమిలో దాస్తారు. మా ఇసుక నేలల్లో వాన ముదిరితే ఊట పైపైకి వచ్చేస్తుంది. లోపల గాలి నిండిన తేలికపాటి గొట్టం ఆ నీటికి తెప్పలా నేలను చీల్చుకుని బయటపడవచ్చు. కాబట్టి తిండిగింజలు, కాగితాలు, మందులు భూమిలో కాదు, శ్లాబు కింద ఎత్తైన అటక మీద ఉండాలి. కమ్మల ఇల్లో పెంకుటిల్లో ఉన్నవారు శ్లాబు ఇల్లున్న దగ్గరి బంధువు ఇంట్లో ఒక డబ్బా ఉంచుకోవడం మంచిది. మేము కాగితాల నకళ్లు, వారానికి సరిపడా మందులు, కొద్దిపాటి డబ్బు రాజాంలో మా చెల్లెలి ఇంట్లో కూడా పెట్టాం. ఒకే గాలి రెండు చోట్లా ఒకేలా వీచదు కదా.

భూమిలో పాతదగ్గవి పనిముట్లు. ఈ మాట విని మా బంధువులు నవ్వారు గానీ, తిత్లీ తర్వాత దారులన్నీ చెట్లు పడి మూసుకుపోయినప్పుడు మాకు అన్నిటికంటే ముందు కావలసివచ్చినవి రంపం, గొడ్డలి, కత్తి, మోకు. అవన్నీ కూలిన పశువులశాల కింద ఉన్నాయి. ఇప్పుడు వాటికి నూనె పూసి, గోనె చుట్టి, మూత బిగిసే స్టీలు క్యానులో పెట్టి, మెరక మీద పాతాం. మెరక నేల, పైగా లోపల ఇనుము బరువు, కాబట్టి క్యాను తేలే భయం తక్కువ.

దాచుకోవడం మనకు కొత్త విద్య కాదు. మా తాతగారి నాటికి పాతర, అంటే నేలలో తవ్విన ధాన్యపు గొయ్యి, ఉండేది. గడ్డి పరిచి, ధాన్యం పోసి, పైన మట్టితో మూసేవారు. చోళ్లయితే, అంటే రాగులయితే, పురుగు పట్టక ఏళ్ల తరబడి నిలిచేవి. పాతర తెరిచిన వెంటనే ఎవరినీ లోపలికి దిగనిచ్చేవారు కాదు. ముందు దీపం దించి, అది ఆరిపోకుండా వెలిగితేనే మనిషి దిగేవాడు. లోపల ఊపిరాడని గాలి పేరుకుంటుందని వాళ్లకు తెలుసు. ఇప్పుడు కొందరు బియ్యంలో పురుగుమందు బిళ్లలు వేసి పడకగదిలోనే డ్రమ్ము మూసిపెడుతున్నారు. తేమ తగిలితే వాటి నుంచి వచ్చే విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఎండిన వేపాకు చాలు.

ఇక నీళ్లు. కరెంటు పోయి మోటార్లు ఆగిపోయాక ఊళ్లో తాగునీటికే కటకట అయింది. మనిషికి రోజుకు తాగడానికీ వంటకూ నాలుగు లీటర్ల లెక్కన, ఐదుగురికి మూడు రోజులకు 20 లీటర్ల క్యానులు మూడు కావాలి. అప్పట్లో నేలంతా కొబ్బరిబొండాలు రాలిపడి ఉన్నాయి, నీళ్లు లేకపోతేనేం అనుకున్నవారూ ఉన్నారు. ఉద్దానంలో ఇంటింటా కిడ్నీ జబ్బు మాట వినిపిస్తుంది. కొబ్బరినీళ్లలో ఉండే పొటాషియం ఆ రోగుల గుండెకే చేటు తెస్తుంది. వారి వాటా మంచినీళ్లు విడిగా పెట్టి ఉంచాలి. ఉగాదికి ఒకసారి, వినాయక చవితికి ఒకసారి క్యానులు ఖాళీ చేసి కొత్త నీళ్లు పడితే, అక్టోబరు గాలులు వచ్చేసరికి అవి తాజాగానే ఉంటాయి.

అంత దాచవలసిన పనేముంది, ఇంట్లో ఎదురుగా పెట్టుకోవచ్చు కదా అని అడగవచ్చు. పప్పు ధర పెరుగుతుందని బస్తాలు దాచే వ్యాపారం గురించి నేను మాట్లాడటం లేదు. తుఫాను షెల్టరుకు రమ్మని అధికారులు బతిమాలినా చాలామంది కదలకపోవడానికి కారణం ఇంట్లో ఉన్న నాలుగు వస్తువులూ ఎవరెత్తుకుపోతారో అన్న భయమే. తన బియ్యం, తన కాగితాలు భద్రంగా ఉన్నాయని తెలిసిన మనిషి తలుపుకు తాళం వేసి ధైర్యంగా నడుస్తాడు.

అయితే దొంగకు తెలియకూడదని ఇంటివాళ్లకు కూడా చెప్పకుండా దాచేవారున్నారు. మా అమ్మే అందుకు సాక్షి. 2017 సంక్రాంతికి అరిసెల కోసం నువ్వుల కుండ వంచితే అడుగున పాత వెయ్యి రూపాయల నోట్లు ఏడు బయటపడ్డాయి. వాటిని బ్యాంకులో వేసుకునే గడువు డిసెంబరు 30తో ముగిసింది. ఒక్కరికి చెప్పివుంటే నోట్ల రద్దు ప్రకటించిన నవంబరులోనే తీసేవాళ్లం. అప్పటి నుంచి మా ఇంట్లో దాచే డబ్బు పదులు, ఇరవైలు, యాభైలు, వందలే. తిత్లీ తర్వాత ఏటీఎం పనిచేయక, ఫోనులో డబ్బు కదలక ఉన్న రోజుల్లో దుకాణదారుకు చిల్లర ఇవ్వగలిగినవాడికే సరుకు దొరికింది. దాచిన చోటు ఎప్పుడూ ఇద్దరికి తెలియాలి. వారిలో ఒకరు ఇంటిపట్టున ఉండేవారై ఉండాలి.

మొన్న వినాయక చవితికి నీళ్లు మార్చాక, నూతి గట్టు నుంచి పనిముట్ల క్యాను ఎంత దూరమో మనవరాలికి చూపించాను. నా లెక్కకు పదకొండు అడుగులు వచ్చాయి, దాని లెక్కకు పదిహేడు వచ్చాయి. "ఎవరి అడుగులు లెక్క తాతా?" అని అడిగింది. లోపలికి వెళ్లి టేపు తెచ్చాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా.