మంత్రిగారూ, సినిమా చూపించాం. ఇక టేపు పట్టుకొని రండి

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం. మీ శాఖ ఆదేశం ప్రకారం మా ఉన్నత పాఠశాలలో చిరుతిళ్ల మీద అవగాహన చిత్రం ప్రదర్శించాం. తొమ్మిదో తరగతి గది కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశాం. అక్షాంశాలు, రేఖాంశాలు పడేలా ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించాం. మీ లెక్క ప్రకారం ఆ రోజు మా బడిలో 212 మంది పిల్లలకు అవగాహన కలిగింది. ఇంటర్వెల్ గంట కొట్టగానే ఆ 212 మందిలో సగానికి పైగా గేటు దాటి వెళ్లి ఐదు రూపాయల ప్యాకెట్లు కొనుక్కొచ్చారు. ఆ ఫొటో ఎక్కించడానికి యాప్‌లో చోటు లేదు. అందుకే ఈ ఉత్తరం.

బడి గేటు దగ్గర చిరుతిళ్లు అమ్మే కొట్ల మీద ఇది నా ఐదో విన్నపం. మొదటిది సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లి, వరుసలో రెండు గంటలు నిలబడి ఇచ్చాను. రసీదు ఇచ్చారు. పదకొండో రోజున ఫోనుకు సందేశం వచ్చింది: ‘మీ అర్జీ పరిష్కరించబడినది.’ సంబరంగా గేటు దగ్గరికి వెళ్లి చూశాను. కొట్టు ఉంది, ప్యాకెట్లు ఉన్నాయి, పైగా వాటిని వేలాడదీయడానికి కొత్త స్టాండు కూడా వచ్చింది. రెండోసారి రాస్తే, దుకాణాల సంగతి మున్సిపాలిటీ చూసుకుంటుందని అటు పంపారు. వాళ్లు, తిండి సంగతి కాబట్టి ఆహార భద్రత వాళ్లదని ఇటు పంపారు. మూడోసారి, బడి చుట్టూ ఏం జరుగుతోందో చూసుకోవలసింది బడివాళ్లేనని మా ప్రధానోపాధ్యాయురాలికే సంజాయిషీ నోటీసు వచ్చింది. ఆవిడ నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో అర్జీకి జవాబుగా వచ్చిందే ఈ సినిమా. ‘సదరు పాఠశాల విద్యార్థులకు అవగాహన కల్పించవలెను’ అట. నేను ఫిర్యాదు చేసింది కొట్టు మీద. మీరు దిద్దబోయింది పిల్లల్ని.

మీకు తెలియనిది కాదు, 2020లో దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తెచ్చిన నిబంధన గురించే నా గోలంతా. బడి గేటు నుంచి ఏ దిక్కుకైనా 50 మీటర్ల లోపు కొవ్వు, చక్కెర, ఉప్పు మితిమీరిన తిండిని పిల్లలకు అమ్మకూడదు. 2021 జులై నుంచి అమల్లో ఉంది. ఆ ఏడు మా బడిలో ఆరో తరగతిలో చేరిన పిల్లలు పదో తరగతికి వచ్చేశారు. నిబంధన మాత్రం ఇంకా గేటు దగ్గరికి రాలేదు.

మేమే కొలిచాం. వ్యాయామ ఉపాధ్యాయుడి దగ్గర లాంగ్‌జంప్ కొలిచే 30 మీటర్ల టేపు ఉంటే, పదో తరగతి పిల్లలు నలుగురితో కలిసి ఒక శనివారం సాయంత్రం రోడ్డు మీద పరిచాం. మొదటి కొట్టు 11 మీటర్లు. రెండోది 19. నూనె మూకుడు పెట్టుకొని నూడుల్స్ వేయించి ఇచ్చే బండి 34. నాలుగోది 52 మీటర్లు. ఆ నాలుగో కొట్టాయన ఒక్కడే మన రాష్ట్రంలో చట్టాన్ని గౌరవిస్తున్న పౌరుడని, అది కూడా ఆయనకు తెలియకుండానే అని, పిల్లలు రోడ్డు మీదే నవ్వుకున్నారు. ఆ కొలతల కాగితం మీద పిల్లల సంతకాలు పెట్టించి మూడో అర్జీకి జతచేశాను. దాన్ని ఎవరైనా విప్పి చూశారో లేదో.

ఒక తనిఖీ అధికారి మాత్రం ఒకసారి వచ్చారు. మంచి మనిషి. కొట్టు ముందు నిలబడి ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, “మితిమీరిన ఉప్పు అన్నారు గాని, ఎంత దాటితే మితిమీరినట్టో చెప్పే అంకె నా చేతిలో లేదు మేడమ్. దేని మీద కేసు రాయమంటారు?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉండాలి. టీ తాగి వెళ్లిపోయారు. జిల్లా మొత్తానికీ తిరగాల్సింది తామిద్దరేనని వెళ్తూ చెప్పారు.

ఇప్పుడు మీ సినిమా సంగతి. పన్నెండు నిమిషాల బొమ్మల చిత్రం. అందులో కొమ్ములున్న బర్గర్ ఒకటి లావుపాటి పిల్లవాడి వెంటపడుతుంది. వాడు పరిగెత్తలేక బోర్లా పడతాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. వెనక బెంచీలో ఏడో తరగతి పిల్లవాడొకడు, కాస్త ఒళ్లున్నవాడు, తలెత్తలేదు. ఆ తర్వాత వారం రోజులు ఆటల పీరియడ్‌కు రాలేదు. పిలిచి అడిగితే కడుపునొప్పి అన్నాడు. తోటివాళ్లు వాడికి ‘బర్గర్’ అని పేరు పెట్టారని తర్వాత తెలిసింది. మంత్రిగారూ, మా ఊళ్లో బర్గర్ దొరకదు. మా పిల్లల్లో చాలామంది దాన్ని చూసింది మీ సినిమాలోనే. మా గేటు దగ్గరున్నవి ఐదు రూపాయల ప్యాకెట్లు, పది రూపాయల రంగునీళ్ల సీసాలు. వాటికి కొమ్ములు లేవు. వాటి మీద క్రికెటర్ల నవ్వుముఖాలు, చిన్నపిల్లల బొమ్మలు ఉన్నాయి.

సినిమాలంటే నాకు గిట్టదనుకోకండి. జీవశాస్త్రం చెప్పేదాన్ని, మంచి డాక్యుమెంటరీ దొరికితే పండగే. నా సొంత ల్యాప్‌టాప్‌లో ‘సూపర్ సైజ్ మీ’ ముక్కలు ముక్కలుగా ఆపి, తెలుగులో చెబుతూ చూపించాను. 2004లో మోర్గాన్ స్పర్లాక్ అనే అమెరికన్ 30 రోజుల పాటు మూడు పూటలా మెక్‌డొనాల్డ్స్ తిండే తిని, తననే పరీక్షనాళిక చేసుకొని తీసిన చిత్రం. 11 కిలోలు పెరిగాడు. తనకు ఏళ్ల తరబడి తాగుడు అలవాటుందని 2017లో ఆయనే ఒప్పుకున్నాడు కాబట్టి, కాలేయం గురించి ఆ సినిమాలో చెప్పినదాన్ని పూర్తిగా నమ్మకండని కూడా పిల్లలకు చెప్పాను. ఒక్క మనిషి మీద చేసింది రుజువు కాదు, సైన్సు పాఠంలో అదీ భాగమే. రుజువు కావాలంటే 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు చేసిన ప్రయోగం ఉంది: 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు తిండి పెట్టి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి తిన్న రోజుల్లో రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. వాళ్లు పెద్దవాళ్లు, డాక్టర్ల కళ్ల ముందు ఉన్నవాళ్లు. మా ఆరో తరగతి పిల్లలు మనసు అదుపులో పెట్టుకోవాలట!

‘సూపర్ సైజ్ మీ’ అయ్యాక ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: “ఆయన తిన్నది నెలరోజులే కదా టీచర్, మా తమ్ముడు మూడేళ్ల నుంచి తింటున్నాడు, వాడి మీద సినిమా ఎవరు తీస్తారు?”

ఇంకొకటి, ‘దట్ షుగర్ ఫిల్మ్’. 2014లో ఆస్ట్రేలియా నటుడు డేమన్ గామో తీశాడు. 60 రోజులు, రోజుకు 40 చెంచాల చక్కెర. ఐస్‌క్రీమ్, చాక్లెట్, కూల్‌డ్రింకులు ముట్టుకోలేదు. ఆరోగ్యకరమని పేరున్న పండ్లరసాలు, పొద్దుటి పూట పాలలో వేసుకొనే గింజల డబ్బాలు, కొవ్వు తీసేసిన తియ్యటి పెరుగు, వీటిలోంచే ఆ 40 చెంచాలూ వచ్చాయి. అదే ఏడు వచ్చిన ‘ఫెడ్ అప్’ అయితే, నోరు కట్టుకోలేకపోవడం తినేవాడి తప్పేనన్న మాటనే నిలదీసింది. తీసినవాళ్లు ఈ సినిమాలను కంపెనీల వైపు, ప్రభుత్వాల వైపు గురిపెట్టారు. ‘సూపర్ సైజ్ మీ’ వచ్చిన ఏడాదే అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ ‘సూపర్ సైజ్’ అనే అతి పెద్ద పొట్లాన్ని జాబితాలోంచి తీసేసింది. సినిమాకూ దానికీ సంబంధం లేదంది లెండి, అలాగే అంటారు. అక్కడ సినిమా చూసి సర్దుకున్నది అమ్మేవాడు. ఇక్కడ మీరు సర్దుకోమంటున్నది పదకొండేళ్ల పిల్లవాణ్ణి, చేతిలో ఐదు రూపాయల బిళ్లతో నిలబడ్డవాణ్ణి.

ప్యాకెట్ చదివి కొనుక్కోమని మీ సినిమా చివర్లో ఒక ముక్క ఉంది. అదీ చేశాం. వెనకవైపు అక్షరాలు చీమ తలకాయంత ఉంటే, ప్రయోగశాలలో పుప్పొడి చూసే భూతద్దాలు తెచ్చి ఇచ్చాను. విలువలు 100 గ్రాములకు రాసి ఉన్నాయి, ప్యాకెట్ బరువు వేరే. ఉప్పు ఎంత అని లేదు. సోడియం అని ఉంది, మిల్లీగ్రాముల్లో. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది. ఆ తర్వాత ప్యాకెట్ బరువుకు దామాషా కట్టాలి. గణితం మాస్టారిని పిలిచాను. ఆయన బోర్డు మీద మూడు వరుసలు వేసి, తుడిచి, మళ్లీ వేశారు. ఒకడు చెయ్యెత్తి, “ఈ లెక్క తేలేసరికి ఇంటర్వెల్ అయిపోతుంది మాస్టారూ” అన్నాడు.

ఆ లెక్క అక్కర్లేకుండా ప్యాకెట్ ముందే ‘చక్కెర ఎక్కువ’ అని నల్లటి అష్టభుజి గుర్తు వేయించవచ్చు. చిలీ దేశం 2016 నుంచి వేయిస్తోంది. మన దగ్గర 2022లో ప్యాకెట్ ముందు నక్షత్రాలు వేసే ముసాయిదా తెచ్చారు, సినిమా సమీక్షల్లో ఇచ్చినట్టు. ప్యాకెట్ ముందు ఏం వేయాలో మూడు నెలల్లో తేల్చమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మూడు నెలలూ చాలలేదని మళ్లీ గడువు తెచ్చుకున్నారు. అది ఢిల్లీ పని, నా చేతిలో లేదు అంటారు మీరు. సరే. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు, విరేచనాలకు తాగించే ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకున్న తీపి నీళ్ల మీద ఎనిమిదేళ్లు పోరాడితే గాని 2025 అక్టోబరులో ఆ పేరు తీయించే ఆదేశం రాలేదు. ఒక డాక్టరమ్మకే ఎనిమిదేళ్లు పట్టింది. బడిపంతులమ్మకు ఎన్నేళ్లు పడుతుందో మీరే చెప్పండి, నాకు ఇంకో పద్నాలుగేళ్ల సర్వీసు ఉంది.

ఒక సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తున్నాను. ఆ అవగాహన రోజున మండలం నుంచి అతిథులు వచ్చారు. ‘జంక్ ఫుడ్ వద్దు, ఇంటి తిండే ముద్దు’ అని బ్యానరు కట్టారు. ప్రసంగాలయ్యాక వేదిక మీద అతిథులందరికీ కాగితపు పళ్లెంలో రెండు బిస్కెట్లు, ఒక చిప్స్ ప్యాకెట్, ఒక చిన్న కూల్‌డ్రింకు సీసా పెట్టారు. ముందు వరుసలో నేల మీద కూర్చున్న పిల్లలు చూస్తూనే ఉన్నారు. మైకు ఇంకా ఆపలేదు, ప్యాకెట్ చింపిన చప్పుడు స్పీకర్లో అందరికీ వినిపించింది. మూడు రోజులు పాఠం చెప్పినా నాకు రాని ప్రభావం ఆ ఒక్క చప్పుడుకు వచ్చింది.

నష్టం ఎక్కడ కనబడుతుందో చూడాలంటే మధ్యాహ్నం ఒంటిగంటకు రండి. పదిన్నరకు ప్యాకెట్ తిన్న పిల్లకు ఒంటిగంటకు ఆకలి ఉండదు. పప్పన్నం రెండు ముద్దలు కెలికి బకెట్లో పారేస్తుంది. గుడ్డు పెట్టే రోజు కూడా కొందరు తెల్లసొన గిల్లి పచ్చసొన వదిలేస్తారు. వంట చేసే అక్క ఆ బకెట్ గేదెలకు మోసుకెళ్తూ, “సర్కారు బియ్యం గేదెలకు బలం మేడమ్” అంటుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, దేశంలోని వ్యాధి భారంలో 56.4 శాతం సరిగ్గా తినకపోవడం వల్లేనని రాసింది. నాకు ఆ శాతం చదివినప్పుడల్లా ఆ బకెట్టే గుర్తొస్తుంది.

కొట్టు పెద్దమ్మ మీద నాకు పగ లేదు, ఇది స్పష్టంగా రాసుకోండి. 11 మీటర్ల కొట్టు ఆవిడది. ఒంటరి మనిషి. పదేళ్ల కిందట ఉడకబెట్టిన పల్లీలు, ఉప్పు కారం చల్లిన జామకాయలు, నువ్వుండలు, రేగుపళ్లు అమ్మేది. ఇప్పుడు ఏజెన్సీ వ్యాను వచ్చి సరుకు అరువుకు దింపి, స్టాండు ఉచితంగా ఇచ్చి, గడువు దాటినవి వెనక్కి తీసుకుపోతోంది. జామకాయ మిగిలితే కుళ్లిపోతుంది, వెనక్కి తీసుకొనే నాథుడు లేడు. “ఏం చేయమంటావు టీచరమ్మా, పల్లీలకు అరువు ఎవరిస్తారు?” అని అడిగింది. రేపు మీరు హఠాత్తుగా మేల్కొని, ఆవిడ కొట్టు కూల్చి ఫొటో తీసి పత్రికలకు పంపుతారేమోనని కూడా నాకు భయంగానే ఉంది. అలా చేయకండి. ఆ వ్యాను ఆపండి. ఆవిడకు పల్లీల బస్తాకు ఏ మహిళా సంఘం నుంచో అప్పు ఇప్పించండి.

నేను అడిగేది కొత్తది కాదు. ఉన్న నిబంధన అమలు చేయండి. ఎంత ఉప్పు దాటితే ఎక్కువో అంకె చెప్పండి, ఢిల్లీ చెప్పకపోతే ఢిల్లీని అడగండి, మీరు అడిగితే వినేవాళ్లు ఉంటారు. జిల్లాకు ఇద్దరు కాక ఇంకొందరు తనిఖీ మనుషుల్ని ఇవ్వండి. వేదికల మీద ప్యాకెట్లు పెట్టకండి. లావుగా ఉన్న పిల్లవాణ్ణి పరిగెత్తించే సినిమాలు ఇంకెక్కడికీ పంపకండి. ముందుగా, అన్నిటికంటే ముందుగా, ఆ 50 మీటర్లు కొలవండి. మళ్లీ రాస్తున్నాను, కొలవండి.

వచ్చే సోమవారం ఈ ఉత్తరం ప్రతిని కలెక్టరేట్‌లో ఐదో అర్జీగా ఇస్తాను. పదకొండు రోజులకు ‘పరిష్కరించబడినది’ అని సందేశం పంపే ముందు ఒక మనిషిని మా గేటు దగ్గరికి పంపించండి. టేపు తెచ్చుకోనక్కర్లేదు. ప్రయోగశాలలో రెండో బీరువా కింది అరలో పెట్టాను. తాళం నా దగ్గరే ఉంటుంది, పదిన్నరకు ఇంటర్వెల్.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు
(పేరు రాయనందుకు మన్నించండి. సర్వీసు నిబంధనలు మాత్రం మన రాష్ట్రంలో వెంటనే అమలవుతాయి.)