రౌండు ఎగ్గొట్టి వచ్చాను

ఒరేయ్ సత్తీ,

నీ మెయిల్ వచ్చి రెండు నెలలైంది, తెలుసు, తిట్టుకో. ఉద్యోగం ఉంది, అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, ఈ ఇంగ్లండ్‌లో, మా షెఫీల్డ్ ఊళ్లో వాన కూడా అలాగే ఉంది. కబుర్లు అయిపోయాయి. ఇప్పుడు అసలు సంగతి విను, ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బి పోయేలా ఉన్నా.

మొన్న శనివారం వండుకునే ఓపిక లేక మా వీధి చివర పబ్బులో ఏదో ఒకటి తిందామని వెళ్లాను. పబ్బంటే నువ్వనుకునే డీజే, రంగుల లైట్లూ కాదురా. మన టీకొట్టు ముందు బల్ల లేదూ, దానికి పైకప్పేసి, కింద అరిగిపోయిన కార్పెట్ పరిచి, టీకి బదులు బీరు పోస్తే అదే ఇది. మనుషులూ ఆ బాపతే. రోజూ అదే కుర్చీ, అదే వాదన.

వెళ్లి ఓ టేబుల్ దగ్గర కూర్చున్నా. ఎంతసేపు కూర్చున్నా ఎవరూ రారే! బంతిలో కూర్చున్నాక వడ్డించేవాళ్లే రావాలి కదా మన లెక్కలో. ఇరవై నిమిషాలు. మెనూ కంఠతా వచ్చేసింది. నన్ను చూసే రావట్లేదేమో, నా రంగు వల్లేనేమో అని ఓ పక్క దిగులు కూడా మొదలైంది, నీ దగ్గర దాపరికం ఏముంది. లేచి వెళ్లిపోదామనుకుంటుంటే పక్క టేబుల్ ముసలాయన, కాళ్ల దగ్గర కుక్కని పడుకోబెట్టుకుని ఉన్నాడు, "బార్ దగ్గరికెళ్లి నువ్వే చెప్పాలి, లవ్" అన్నాడు.

అవును, లవ్! ఇక్కడ అందరూ అందర్నీ అలాగే అంటారట, మగాళ్లు మగాళ్లని కూడా. బార్ దగ్గర ఆవిడ కూడా "ఏం కావాలి, లవ్" అంటే ఓ క్షణం గుండె ఆగిందిగానీ, ఆ వెంటనే పక్కనున్న తాతనీ లవ్ అంది. అక్కడ క్యూ ఉండదు, కానీ ఎవరు ముందొచ్చారో ఆవిడకీ తెలుసు, నిలబడ్డవాళ్లకీ తెలుసు. టేబుల్ నంబరు చెప్పి, ముందే డబ్బులు కట్టి రావాలి, అంతే.

చీజూ ఉల్లిపాయా పిండిలో కూరి కాలుస్తారు, దాన్ని 'పై' అంటారు, అదొకటి చెప్పాను, ఓ పైంటు బీరు తీసుకున్నాను. ఇక్కడ పైంటంటే 568 మిల్లీలీటర్లు! మన బోరింగు కొట్టినట్టు చేత్తో పంపు లాగి పోసిందిరా. తాగితే చల్లగా లేదు, పెద్దగా బుడగలు లేవు, గ్యాస్ పోయిందనుకుని మొహం చిట్లించా. ముసలాయన చూసి నవ్వి, కింద సెల్లార్లో పీపాలో ఇంకా పులుస్తూనే ఉంటుంది, పీపా తెరిచాక కొద్ది రోజుల్లోనే అమ్ముడైపోవాలి అన్నాడు. కల్లే కదరా! మా తాటికల్లు గురించి చెప్పాను, ఆయనకి తెగ నచ్చేసింది, కుర్చీ ఇటు లాక్కో అన్నాడు. అక్కడ మీసాలాయన ఒకరు, స్వెటరావిడ ఒకరు ఉన్నారు.

ఈలోగా నా 'పై' వచ్చింది. పక్కన బంగాళాదుంప వేపుడు ముక్కలు, పచ్చగా మెత్తగా ఉడికించిన బఠాణీ ముద్ద. తాలింపు మర్చిపోయినట్టుంది, ఏం రుచి లేదు. స్వెటరావిడ నా మొహం చూసి ఓ సీసా జరిపింది, హెండర్సన్స్ రెలిష్ అట, ఈ ఊరి సొంత సరుకు, నారింజ రంగు లేబులు. 'పై' మీద నాలుగు చుక్కలు పోసుకున్నా. ఒరేయ్. చింతపండు! ఆ పులుపు నాకు తెలియదా? సీసా తిప్పి చదివితే నిజంగానే ఉంది, చింతపండు, లవంగం, మిరప. అంత దూరం నుంచి వచ్చి, ఆ వానలో, ఆ కార్పెట్ మీద... సరే వదిలేయ్. కళ్లలో నీళ్లు తిరిగాయి, కారం అని చెప్పాను. ఆ సాసులో కారం ఎంతని, వాళ్లు నమ్మి ఉండరు.

ఇక అసలు దరిద్రం ఇక్కడ. ముసలాయన లేచి వెళ్లి నాకు కూడా ఓ గ్లాసు తెచ్చాడు. ఎంత మంచాడో అనుకున్నా. కాసేపటికి మీసాలాయన తెచ్చాడు. తర్వాత ఆవిడ. వద్దంటే వినరు, సగం పైంటు చాలని బతిమాలుకున్నా. అతిథి మర్యాద అంటే ఇదిరా అని మనసులో తెగ మురిసిపోయా. గ్లాసులన్నీ ఖాళీ అయ్యాయి. ముగ్గురూ నా వైపు చూశారు. నేను వెళ్లిపోతున్నానని బాధేమో అనుకుని లేచి, రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి, కుక్క తల నిమిరి, గుడ్‌నైట్ చెప్పి వచ్చేశా!

సోమవారం ఆఫీసులో గొప్పగా చెబితే పక్క సీటువాడు నవ్వలేక చచ్చాడు. ఒకరి తర్వాత ఒకరు అందరికీ కొనాలట, రౌండంటారట. నాలుగోది నాదట! చదివింపుల్లాంటిదన్నమాట, పుస్తకం మాత్రం ఉండదు, అందరికీ బుర్రలో ఉంటుంది. మీ అక్క పెళ్లిలో చదివించకుండా భోంచేసి పోయినవాణ్ణి మనం ఇప్పటికీ ఏమని పిలుస్తాం? అదిగో, ఆ పేరు నాకు ఇక్కడ పడిపోయి ఉంటుంది.

మూడు రోజులుగా ఆ వీధిలోంచి కాకుండా చుట్టూ తిరిగి ఇంటికొస్తున్నా. ఇవాళ వెళ్తున్నాను, తేల్చుకున్నా. వెళ్లగానే ముగ్గురికీ పోయించాలి. కానీ నేను మొదలుపెడితే మళ్లీ ముగ్గురూ వరసగా కొంటారు కదా, అప్పుడు లెక్క సరిపోయినట్టా, కొత్తది మొదలైనట్టా? పైగా బార్ ఆవిడకి టిప్పు ఇవ్వరట, "నీకూ ఒకటి తీసుకో" అనాలట, ఆ మాట అద్దం ముందు రెండుసార్లు అనుకుని చూశా, పెళ్లిచూపుల్లో...

ఎనిమిదిన్నర అయిపోయింది రా, తొమ్మిదికి వంటగది మూసేస్తారు, నాకు ఆ చింతపండు సీసా కావాలి. పరిగెడుతున్నా.

చంటి