మా పెరట్లో కోడి ఇంకా అక్కడే ఉంది, కలెక్టర్ గారూ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారమండి. సోమవారం అర్జీల్లో ఇప్పటికి మూడుసార్లు ఇచ్చాను, మూడూ ఈ కోడి గురించే. మూడోది పోయిన వారం మూసేశారు. ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, అది చదువుతున్న నిమిషంలో కోడి మా మోటారు షెడ్డు మీద నిలబడి కూస్తోంది. ఒక్క మనిషి మా గేటు దాకా రాలేదండి. ఎవరు చూసి పరిష్కారమైందని రాశారో నాకు తెలియాలి. అందుకే ఇలా నలుగురికీ కనపడేలా రాస్తున్నాను, తప్పయితే మన్నించండి.

కనుమ మర్నాడు పొద్దున్న వచ్చింది. వంటగది వెనక అరటి బోదె పక్కన ముడుచుకుని కూర్చుంది. మా మామగారు చూసి డేగ రకం పుంజు అన్నారు. పందెం కోడే, అందులో అనుమానమే లేదు, కత్తి కట్టిన ఎర్రదారం కాలికి ఇంకా రెండు చుట్లు ఉంది. తొడ మీద బెత్తెడు గాయం, నెత్తురు ఎండిపోయి ఈకలు అట్టకట్టాయి, ఒక కన్ను తెరవట్లేదు. జాలేసి నీళ్ళు పెట్టాం, నూకలు చల్లాం. పసుపు రాద్దామని మావారు దగ్గరికెళ్తే చెయ్యి చీరేసింది. బాదంపప్పు పెట్టి, చెరువులో ఈత కొట్టించి, వేలకు వేలు పోసి పెంచినవాళ్ళు రెండు రోజుల్లో వెతుక్కుంటూ వస్తారులే అనుకున్నాం. రాలేదు. ఎలా వస్తారండి, వస్తే పందెం వేసినట్టు ఒప్పుకోవాలి కదా.

రెండు నెలలైంది. గాయం మానింది, బలం వచ్చింది, ఇప్పుడు పెరడంతా దానిదే.

రాత్రి రెండున్నరకి మొదలుపెడుతుంది. మా గది కిటికీ పక్కనే కొబ్బరి మట్టల గుట్ట ఉంది, దాని మీదెక్కి కూస్తుంది, తెల్లారేదాకా ఆగదు. మా అమ్మాయి పదో తరగతి. దూది చెవుల్లో పెట్టుకుని పడుకుంటోంది, పొద్దున్నే పుస్తకం ముందు తూలిపోతోంది. రాత్రి పదినుంచి ఉదయం ఆరుదాకా ఇళ్ళ మధ్య 45 డెసిబెల్స్ దాటకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లో ఉందని నేను చదివి చెప్తే, అవి మైకులకండి, కోళ్ళకి కాదు అని ఆఫీసులో అన్నారు.

అయినా నిద్ర సంగతి ఓర్చుకున్నాం. ఓర్చుకోలేనిది మా అత్తగారి సంగతి. ఆవిడకి డెబ్బై రెండు, షుగరు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెడుతుంటే వెనకనుంచి ఎగిరి పిక్క మీద తన్నింది. కాలి ముల్లు లోపలికి దిగిపోయింది. ఆవిడ కోట పట్టుకుని అలాగే కూలబడిపోయారు, నూనె అంతా చీర మీద పడింది, వత్తి ఆరిపోయింది కాబట్టి సరిపోయింది. ఆ పుండు మానడానికి నెల పట్టింది. రోజు విడిచి రోజు ఆటోలో కట్టుకి తీసుకెళ్ళాం. ఇప్పుడు ఆవిడ బాత్రూమ్‌కి వెళ్ళాలంటే చేట అడ్డం పెట్టుకుని, గోడ పట్టుకుని వెళ్తున్నారు. నలభై ఏళ్ళు ఏలిన ఇంట్లో ఆవిడ భయపడుతూ నడుస్తుంటే చూడలేకపోతున్నానండి.

సచివాలయానికి వెళ్ళాం. పంచాయతీలో, తప్పించుకు తిరిగే పశువుల్ని కట్టేసే బందెలదొడ్డి తీసేసి చాలా ఏళ్ళయింది, ఉన్నా కోడిని పెట్టరట. మా తమ్ముడు వకీలు, వాడూ అదే చెప్పాడు, 1871 నాటి పశువుల చట్టంలో గేదెలు, మేకలు, పందులు, ఏనుగులు, ఒంటెలు కూడా ఉన్నాయి కానీ కోడి లేదక్కా అని. పశువుల ఆయన్ని అడిగితే జబ్బు చేస్తే చూస్తాం, పట్టుకోవడం మా పని కాదమ్మా అన్నారు. స్టేషన్‌లో, ఎవరి కోడో తెలియకుండా ఏం రాసుకోమంటారు అన్నారు.

ఇక ప్రతివాళ్ళూ చెప్పే మాట ఒకటే, కోసుకుని తినేయండి అని. ఆఫీసులో కూర్చున్నవాళ్ళు కూడా అదే అన్నారు, అన్నందుకు నాకు చాలా బాధేసింది. మనది కాని జీవాన్ని చంపితే భారతీయ న్యాయ సంహిత 325 కింద కేసు అవుతుందని తమ్ముడు చెప్తున్నాడు, రేపు ఆ యజమాని పదిమందితో వచ్చి లక్ష కట్టమంటే మా వైపు ఎవరు నిలబడతారు? పోనీ గంప వేసి పట్టుకుని ఎవరికైనా ఇద్దామంటే ఊళ్ళో ఎవరూ తీసుకోవట్లేదు, వాళ్ళ పుంజుల్ని చంపేస్తుందని, గొడవెందుకని. 2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరుల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఇంటింటికీ వచ్చి కోళ్ళకి దూరంగా ఉండమన్నారు కదా. ఎక్కడ తిరిగి వచ్చిందో తెలియని కోడి మా నీళ్ళ తొట్టి మీద వాలుతుంటే ఇప్పుడెవరూ రారేమండి?

ఏటా సంక్రాంతి ముందు పందాలు నిషేధమని ఫ్లెక్సీలు కడతారు. 2016లో హైకోర్టు కూడా ఆపమంది. బరులు ఆగాయో లేదో మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు. నేనడిగేది ఆ పెద్ద సంగతి కాదు. బరిలోంచి తప్పించుకొచ్చిన కోడి ఒకరి ఇంట్లో పడితే ఎవరికి చెప్పాలి? పంచాయతీయా, పశువుల ఆసుపత్రా, పోలీసులా? ఎవరో ఒకరి పని అని మీరు ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి. దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ బరిలో దింపకుండా, కోసెయ్యకుండా ఎక్కడైనా బతకనివ్వండి, అది చేసిన తప్పేం లేదు. మనిషి వచ్చి కళ్ళతో చూడకుండా అర్జీలు మూయొద్దని చెప్పండి. దయచేసి చెప్పండి.

మా అమ్మాయికి సోమవారం నుంచి పరీక్షలు. ఆదివారం లోపు ఎవరినైనా పంపించండి. గేటు తీసే ఉంచుతాం. వచ్చేవాళ్ళని మాత్రం ముందు మావారిని పిలిచి, ఆయన వెనకాలే పెరట్లోకి రమ్మనండి, కొత్తవాళ్ళు కనపడితే అది మొహం మీదికి ఎగురుతుంది.

ఇట్లు,
గౌతమి గట్టు కింద ఊరి నుంచి ఒక గృహిణి