2025 వార్షిక నివేదిక: కువైట్‌లో మన రంజాన్ నెల

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం, సలాం.

పిల్లల తెలుగు తరగతులు, క్రికెట్ పోటీ, వేసవిలో కూలీ సోదరులకు నీళ్లు, మజ్జిగ పంచడం, వీటి ఫోటోలు మీరు గ్రూపులో చూసే ఉన్నారు. జమాఖర్చుల కాగితం విడిగా ఇస్తున్నాం. అందుకని ఈ నివేదికలో ఎక్కువ భాగం రంజాన్ గురించే రాస్తున్నాను. ఈ ఏడాది మనం తప్పు చేసిందీ, దిద్దుకున్నదీ ఆ నెలలోనే.

మార్చి 1న ఉపవాసాలు మొదలయ్యాయి. అంతకు వారం ముందే కార్యవర్గం అందరికీ మెసేజ్ పెట్టింది: పగలు బయట తినొద్దు, తాగొద్దు, సిగరెట్ ముట్టించొద్దు. 1968 నాటి 44వ నంబరు చట్టం ప్రకారం వంద దినార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు. మనది ఏ మతమైనా ఇదే వర్తిస్తుంది. అయినా గోదావరి వైపు నుంచి కొత్తగా వచ్చిన ఒక డ్రైవర్ తమ్ముడు సిగ్నల్ దగ్గర కారు ఆపి నీళ్ల సీసా ఎత్తాడు. పక్కనే పోలీసు బండి. బతాకా (ఇక్కడి గుర్తింపు కార్డు) చూసి, గట్టిగా మందలించి వదిలేశారు. "కారులోపలే కదన్నా అనుకున్నా" అన్నాడు పాపం. రెండు రోజులు టెన్షన్‌తో అన్నం తినలేదు. చట్టం అడగని ఉపవాసం కూడా చేశాడన్నమాట.

మెసేజ్ పెట్టేశాం కాబట్టి మన పని అయిపోయిందనుకున్నాం. మొదటి శుక్రవారం ఎప్పటిలాగే సాయంత్రం నాలుగింటికి సమావేశం పెట్టాం. ఆఫీసుల్లో, కంపెనీల్లో పనిచేసేవాళ్లు బాగానే వచ్చారు. కార్మిక చట్టం ప్రకారం వారానికి 48 గంటల పని రంజాన్‌లో 36కు తగ్గుతుంది కదా, వాళ్లకు తీరిక దొరికింది. మామూలు శుక్రవారాల్లో కువైట్ సిటీలోని మాలియా నుంచి బస్సెక్కి వచ్చే, అరబ్బు ఇళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్లు మాత్రం ఒక్కరూ రాలేదు. ఫోన్ చేస్తే రాజంపేట వైపు అక్క ఒకామె నవ్వింది. "నాలుగింటికా అన్నా? అప్పుడు నా చేతిలో సాంబూసాలు, అదే సమోసాలు, ఉంటాయి."

ఆమె రోజు ఎలా గడుస్తుందో ఆమె మాటల్లోంచే రాసుకున్నాను. మధ్యాహ్నం నుంచి హరీస్ పొయ్యి మీద ఉంటుంది, గోధుమ, మాంసం కలిసి మెత్తగా అయ్యేదాకా. తర్వాత తష్రీబ్ (పులుసులో నానబెట్టిన రొట్టె), లుగైమాత్ (పాకంలో వేసే పిండి ఉండలు). ఇంట్లో అందరూ ఉపవాసం, ఎవరూ రుచి చూడకూడదు. అందుకని మామా, అంటే ఇంటి యజమానురాలు, ఈమె చేతిలో గరిటె పెట్టి, ఉప్పు సరిపోయిందా చెప్పమంటుంది. అదే వంటింట్లో పనిచేసే రాయచోటి చెల్లెలు తనూ ఒక్కపొద్దే, ఆమె గరిటె ముట్టదు. ఆరు గంటలకు అటూ ఇటూగా టీవీలో నాయిఫ్ ప్యాలెస్ ఫిరంగి పేలుతుంది. అందరి కంచాలూ నిండాక, వంటింట్లో నిలబడే ఆ చెల్లెలు ఖర్జూరం నోట్లో వేసుకుంటుంది. ఆ తర్వాత చుట్టాలు, రాత్రి గబ్గా విందు, సహర్ (తెల్లవారకముందు తినే భోజనం) వంట. పడుకునేసరికి రెండున్నర. నెల మధ్యలో గిర్గియాన్ రాత్రుల్లో పిల్లలకు పంచే మిఠాయి సంచులు కట్టేదీ వీళ్లే.

అంటే మనకు పని తగ్గే నెలలోనే వీళ్లకు పెరుగుతోంది. ఇది మనకు ముందే తెలియాల్సింది. 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటిపనివాళ్లకు రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదనీ, వారానికో సెలవు ఇవ్వాలనీ అంటోంది. చాలామంది చదవలేరు కాబట్టి ఈ సంగతులు తెలుగులో వాయిస్ మెసేజ్‌గా పంపాం. రాత్రి ఒంటిగంట నుంచి రెండున్నర దాకా వంతులవారీగా ఫోన్ దగ్గర కూర్చున్నాం. వచ్చిన కాల్స్‌లో ఎక్కువ భాగం ఫిర్యాదులు కావు. ఊరికే మాట్లాడాలని చేసినవే.

ఇఫ్తార్‌కు చందాలు ఎత్తలేదు. అనుమతి లేకుండా వసూలు చేయడం ఇక్కడ నేరం. ఎవరింట్లో వాళ్లు వండి తెచ్చారు. కడప సోదరులు మటన్ బిర్యానీ, మిగతావాళ్లు పులిహోర తెచ్చారు. పులిహోర ముందు అయిపోయింది, ఈ విషయం రికార్డులో ఉండాలి.

ఈసారి ఇక్కడి ఈద్, మన ఉగాది ఒకే రోజు వచ్చాయి, మార్చి 30 ఆదివారం. ఊరి నుంచి వచ్చిన ఎండు వేపపువ్వుతో పచ్చడి చేసి, కొందరు సభ్యులం ఈద్ నమాజు ముగించుకొచ్చిన మన సోదరులకు గ్లాసుల్లో పోసిచ్చాం. వాళ్లు మాకు షీర్ ఖుర్మా పెట్టారు. అయితే అరబ్బు ఇళ్లలో ఈద్ భోజనం రోజున మన అక్కలకు అడుగు బయటపెట్టే వీలుంటుందా? అందుకే ఏప్రిల్ 4, శుక్రవారం మరోసారి ఉగాది చేశాం. ఆ రోజు హాలు నిండింది. రాజంపేట అక్క పచ్చడి నాలుక మీద పెట్టుకుని, ఉప్పు తగ్గిందని చెప్పింది.

2026 రంజాన్ ఫిబ్రవరి మూడో వారంలో వస్తుందని అంచనా. రాత్రి ఫోన్ వంతులకు ఇప్పటికి నలుగురమే ఉన్నాం. ఇంకొందరు కావాలి, ముఖ్యంగా ఆడవాళ్లు. ఇష్టమున్నవాళ్లు ఈ సమావేశం అయ్యాక నాకు పేరు ఇవ్వండి.

కార్యదర్శి